శాలువాలు కాదు, గ్లౌజులు

జీతం లేకుండా ఆట నేర్పేవారిని త్యాగమూర్తులని కీర్తించడం మనకు పరిపాటి. ఆ మాటపై నాకు తీవ్రమైన అభ్యంతరముంది. త్యాగమనేస్తే మన బాధ్యత తీరిపోతుంది గదా!

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ ఈ కరవుసీమ పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, సాఫ్ట్‌బాల్ నేర్పింది. అటువంటి ఆసరా అందని ఊళ్ళలో బడి మైదానమే గతి. మొన్న అటువంటి మైదానంలో ఒక పాత క్రీడాకారుణ్ణి చూశాను. ఆయన చేస్తున్నది త్యాగం కాదు. చిన్ననాడు తనకంటిన సాఫ్ట్‌బాల్ పిచ్చిని పిల్లలకు పంచుతున్నాడు. ఇంట్లో శాలువాలు బోలెడు. మైదానంలో తొమ్మిదిమందికి నాలుగే గ్లౌజులు.

"1887లో షికాగోలో ఈ ఆట పుట్టింది బాక్సింగ్ గ్లౌజును బంతిగా చుట్టి, చీపురుకర్రతో కొట్టడంతోనే గదా, పేదరికం అడ్డా?" అనే పెద్దలున్నారు. అయ్యా, ఆ బంతి మెత్తనిది. నేటి పన్నెండంగుళాల చుట్టుకొలత బంతి పేరుకే సాఫ్ట్. వట్టి అరచేతితో పట్టిన పిల్ల మరునాడు కలం పట్టలేదు.

2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు సాఫ్ట్‌బాల్ తిరిగి రానుంది. మనకు పతకమేదని అప్పుడు నిట్టూర్చేవారు ఇప్పుడే గ్లౌజులు లెక్కపెట్టాలి.

మిత్రులారా, ఈసారి సన్మానసభకు చందా అడిగితే, ఆ సొమ్ముతో గ్లౌజులు కొందామని అడ్డుపడతారా?