కొనబోయే ఇంటి పక్క ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న పెద్దలు, ఎవరో కట్టిన మేడలో ఒక్క అంతస్తును మాత్రమే కొనుక్కునే కాలం వస్తుందని ఊహించి ఉండరు. సొంత స్థలంలో కట్టుకొనేవానికి ఇటుకా మేస్త్రీ తన అదుపులోనివి. నగరంలో అంతస్తు కొనేవానికి తలుపు లోపలిది మాత్రమే తనది. గోడల రంగు మార్చవచ్చు, నేలకు కొత్త పలకలు పరిపించవచ్చు. పక్కింటివారిని మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఢిల్లీలోని ధౌలా కువాన్ పరిసరాలలో ఈ చిక్కు తెలుగువారికి తరచుగా ఎదురవుతుంది. ఆ పేరుకు తెల్లని బావి అని అర్థం. రెండవ షా ఆలం చక్రవర్తి కాలంనాటి బావి వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. నేడక్కడ కనిపించేవి రింగురోడ్డు, గుర్గాఁవ్ వైపు సాగే జాతీయ రహదారి, ఒకదానినొకటి చుట్టుకొన్న వంతెనలు. తెలుగువారికి ఆ చోటు పరిచయమైనది 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల మూలంగా. 1973లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం ఏర్పడింది. 2018లో తెరచిన మెట్రో స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు.

ధౌలా కువాన్‌లోని ఇండ్లలో అధికభాగం సైనికాధికారుల నివాసాలు. అవి అమ్మకానికి రావు. అందుచేత కొనదలచినవారి చూపు కళాశాలకు సమీపంలోని సత్యనికేతన్ మీద పడుతుంది. చిన్న చిన్న స్థలాలలో ఒకదానినొకటి ఆనుకొని లేచిన మేడలవి. కింద ఫలహారశాలలు, పైన విద్యార్థులకు అద్దెకిచ్చే గదులు.

ఉద్యోగ విరమణకు దగ్గరపడిన ఒక తెలుగు గృహస్థు అక్కడ రెండవ అంతస్తు చూడబోయాడనుకుందాం. కూతురికి వేంకటేశ్వర కళాశాలలో సీటు వచ్చింది. ఇల్లు బాగుంది, వెలుతురు ఉంది. వంటింటి కిటికీ తెరిస్తే పక్క మేడ. ప్రతి గదిలో నాలుగేసి మంచాలు, కిటికీ ఊచలకు తడి తువ్వాళ్ళు, మెట్ల మలుపులో నిన్నటి చెత్తసంచులు, వాకిట వరుసగా మోటారు సైకిళ్ళు. “ఏమండీ, ఈ కిటికీ తెరవకుండా ఎన్నాళ్ళుంటాం?” అన్నది భార్య. ఆ కిటికీ మూలంగానే ధర తగ్గిందని అతనికి తెలుసు.

ఇక్కడ తొందరపాటు రెండు విధాల జరుగుతుంది. కొందరు చెత్తను చూసి వెనుదిరుగుతారు. కొందరు ధర చూసి సంచకారం ఇచ్చేస్తారు. వాస్తవానికి చెత్త వేరు, కిక్కిరిసి ఉండడం వేరు. చెత్త కంటికి కనిపిస్తుంది. మంచిమాటకో, నగరపాలక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదుకో ఒకనాటికి తొలగిపోవచ్చు. కిక్కిరిసిన జనం బరువు గొట్టాలలోనూ తీగలలోనూ గోడలలోనూ ఉంటుంది.

లెక్క వేసి చూడవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని మన ఇంజనీర్ల ప్రమాణం. అయిదుగురున్న కుటుంబానికి 675 లీటర్లు చాలు. అదే అంతస్తులో పదహారుమందిని ఉంచితే 2,160 లీటర్లు. నాలుగంతస్తులూ అట్లే నిండితే 8,640. కుటుంబాల కోసం వేసిన మురుగు గొట్టం ఇంతకు మూడింతలు మోయవలసి వస్తుంది. నీటి గొట్టానికే మోటారు బిగించి పక్కవారు లాగుకొంటే, తెల్లవారుజామున కొత్త యజమాని కుళాయిలో గాలి వస్తుంది. కిటికీ మూసివేస్తే తువ్వాళ్ళు కనిపించవు. కుళాయి సంగతి అట్లా కాదు.

గోడ మాట మరింత గంభీరమైనది. 2022 ఏప్రిల్ 25న ఇదే సత్యనికేతన్‌లో మరమ్మతు జరుగుతున్న ఇల్లు కూలి ఇద్దరు కూలీలు మరణించారు. 2024 జూలైలో రాజేంద్రనగర్‌లో నేలమాళిగ గ్రంథాలయంలోకి వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. పక్క మేడ గోడ తన గోడను ఆనుకొని ఉన్నప్పుడు, అక్కడ ఏ స్తంభం తొలగిస్తున్నారో, ఏ గదిని రెండు చేస్తున్నారో అడిగి తెలుసుకోవడం చాదస్తం కాదు.

చట్టం ఎంతవరకు ఆదుకొంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, తనకు తెలిసి కొనేవానికి తెలియని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి; కాని మామూలు జాగ్రత్తతో కనిపెట్టగల లోపానికి ఆ రక్షణ లేదు. కిటికీలోంచి కనిపించే పదహారు మంచాలు రహస్యమెట్లా అవుతాయి? రత్లాం పట్టణంలో మురుగుతో విసిగిన పౌరులు మేజిస్ట్రేటును ఆశ్రయించగా, నిధులు లేవన్న పురపాలక సంఘం సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గొప్ప తీర్పే. అయితే సుప్రీంకోర్టు దాకా నడిచే ఓపిక అందరికీ ఉండదు.

ఆ పక్కమేడ కుర్రవాళ్ళను తిట్టుకోవడానికి ముందు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. వారిలో ఒకడు శ్రీకాకుళం నుంచో నల్లగొండ నుంచో వచ్చినవాడు కావచ్చు. సీటు దొరికింది, హాస్టలు గది దొరకలేదు. కళాశాలకు దగ్గరన్న కారణంతో ఆ గృహస్థు కొనదలచాడు. ఆ కారణంతోనే వాళ్ళు అక్కడ చేరారు. ఇంతకూ బ్రోకరు అతనికి చూపిన ఆశ ఏమిటి? “అమ్మాయి చదువు కాగానే ఎనిమిది మంచాలు వేయించండి, అద్దెతోనే అప్పు తీరుతుంది.” ఆ సలహా పాటిస్తే, వెనుక వీధిలో మరెవరో ఇతని కిటికీ చూసి ముఖం చిట్లించుకొంటారు.

భార్య మాట మీద అతడు మరి మూడుసార్లు వెళ్ళాడు. నీరు వచ్చే వేళకు ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి, భారీ వర్షం వెలిసిన మర్నాడు ఒకసారి. అమ్మేవానిని కాక కింది అంతస్తువారిని పలకరించాడు. మిద్దె మీది హక్కు ఎవరిదో దస్తావేజులో చదివించుకొన్నాడు. పడకగది మూలలో, పక్కమేడ ఆనే చోట, కొత్తగా పూసిన సిమెంటు చార ఒకటి కనిపించింది. అదేమిటంటే బ్రోకరు మాట మార్చాడు.

బ్యాంకు వాయిదాలు ఇరవై ఏళ్ళు; కూతురి చదువు మూడేళ్ళో నాలుగేళ్ళో. కొనుగోలు వాయిదా వేసి, అదే వీధి చివర ఇంకొక అంతస్తును పదకొండు నెలలకు అద్దెకు తీసుకొన్నారు. సామాను దించిన రోజున, మెట్ల మీద ఎదురైన ఒక పి.జి. కుర్రవాడు బీరువాకు ఒక కొస పట్టాడు.