అబ్బా గొప్పదా, గిరాకీ గొప్పదా?

కోట్లలో అమ్ముడుపోయిన బృందానిది గొప్ప సంగీతమేనా అంటే, అన్ని కోట్లమంది చెవులు తప్పా అని ఎదురడిగేవాళ్లు ఒకవైపు, అంతమందికి నచ్చిందంటేనే అందులో సరుకు లేదని తేల్చేవాళ్లు మరోవైపు. స్వీడన్ బృందం అబ్బా మీద ఈ పేచీ యాభై ఏళ్లుగా తెగలేదు. రెండు వాదాలూ పాట వినకుండానే చేసేయొచ్చు. చిక్కంతా అక్కడే.

1974లో బ్రైటన్‌లో జరిగిన యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌ను వాళ్లు ‘వాటర్లూ’ పాటతో గెలిచారు. గెలిచిన దేశం కాబట్టి మరుసటి ఏడు పోటీ స్టాక్‌హోమ్‌కు వచ్చింది. అప్పుడు స్వీడన్ వామపక్ష సంగీతకారులే దానికి పోటీగా ఇంకో సంగీతోత్సవం పెట్టారు. పాటను అంగడి సరుకు చేస్తున్నారన్నది వాళ్ల కోపం. అది ఉత్త అక్కసని కొట్టిపారేయలేం. ‘డమ్ డమ్ డిడిల్’ లాంటి పాటల్లో మాటలు ప్రాస కోసం పడ్డ పాట్లే తప్ప సాహిత్యం కాదు. ఇంగ్లీషు వాళ్ల మాతృభాష కాదన్నది సంజాయిషీ అవుతుందేమో గానీ, దానికి మార్కులు వేయలేం. ‘డాన్సింగ్ క్వీన్’ నడక కూడా అమెరికా నల్లజాతి గాయకుడు జార్జ్ మెక్రే పాట ‘రాక్ యువర్ బేబీ’ ప్రేరణతో వచ్చిందే. బీటిల్స్‌లా పాప్ సంగీతం దారినే మళ్లించిన ఘనత వీళ్లకు లేదు.

అయితే ఆ ‘డాన్సింగ్ క్వీన్’నే (1976) కాస్త దగ్గరగా వినండి. పియానో మీద వేళ్లు సర్రున జారతాయి, వెంటనే గొంతులు అందుకుంటాయి. మనకు పల్లవితో ఎత్తుకోవడం మామూలే. పాశ్చాత్య పాప్‌లో సాధారణంగా చరణం ముందు, పల్లవి తర్వాత. వీళ్లు పల్లవితోనే ఎత్తుకున్నారు, అదీ రెండో సగంతో. మొదటి సగం చరణం అయ్యాక గానీ రాదు. అది వచ్చేసరికి, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నదేదో దొరికినట్టుంటుంది. ఇది లాటరీ తగిలి వచ్చే పనితనం కాదు.

అబ్బా పాటల నిండైన ధ్వని వెనక ఇంజనీరు మైకేల్ ట్రెటోవ్ ఉన్నాడు. అమెరికన్ నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఒకే గదిలో బోలెడుమంది వాద్యకారులను కూర్చోబెట్టి సాధించినదాన్ని, ఇతను టేపు వేగం రవ్వంత మార్చి అదే వాయిద్యాన్ని మళ్లీ రికార్డు చేసి, మొదటిదాని మీద పేర్చి సాధించాడు. శ్రుతిలో వచ్చే ఆ వెంట్రుకవాసి తేడాయే ధ్వనికి ఒళ్లు తెచ్చింది.

‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ (1980) మరీ చిత్రం. రెండు చిన్న స్వరవాక్యాలే పాట పొడుగునా తిరుగుతుంటాయి. మారేది వెనక వాద్యాల బరువు, బృందం గాయని ఆన్యెటా గొంతు. బృందంలోనే ఉన్న భర్త బియోర్న్‌తో ఆమె కాపురం చెదిరిన రోజులవి. మాటలు రాసింది బియోర్న్, పాడింది ఆమె. (లోకానికి ఆ కాపురం కబుర్ల మీదున్న ఆసక్తి పాట కట్టుబడి మీద లేదు.)

వాదం తేల్చేది నా మటుకు 1982 నాటి ‘ది డే బిఫోర్ యూ కేమ్’. దాదాపు ఆరు నిమిషాల పాట. పల్లవి అంటూ లేదు. ఒక ఉద్యోగిని తన మామూలు రోజును, రైలు, ఆఫీసు, భోజనం, నిద్ర అంటూ ఏకరువు పెడుతుంది. కింద బృందంలోని బెన్నీ వాయించే సింథసైజర్ దిగులుగా సాగుతూంటుంది. బ్రిటన్ హిట్ పాటల పట్టికలో అది 32వ స్థానం దాటలేదు. బృందం చేసిన పాటల్లో నా లెక్కన ఇదే మేటి.

అబ్బా మొత్తాన్ని బీటిల్స్ సరసన నేను కూర్చోబెట్టను. ఓ డజను పాటల్లో మాత్రం వాళ్లది గొప్ప సంగీతమే. ఒప్పుకోనివాళ్లు హిట్లు పక్కనపెట్టి, ఆ 1982 పాటతో మొదలుపెట్టండి.