ఆ వంపు ఎవరి పాపమూ కాదు

నడుం పట్టేసి మనిషి మంచం దిగలేకపోతే, తెలుగు పల్లెల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ మొదటి కబురు డాక్టరుకి వెళ్ళదు, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకి వెళ్తుంది. పురిటిలో తలకు బదులు కాళ్ళు ముందు వచ్చినవారు నడుం మీద తొక్కితేనో, మెల్లగా తన్నితేనో పట్టు వదులుతుందని నమ్మకం. నెలలు నిండే వేళకి నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు కడుపులో ఎదురు తిరిగే ఉంటారు కనక ఇలాంటివారు ఏ ఊళ్ళో వెతికినా ఒకరిద్దరు దొరుకుతారు. తన్నించుకున్న రైతు నాలుగు రోజులకి లేచి పొలం వెళ్తాడు. నమ్మకం మరో తరానికి అందుతుంది.

పట్టేసిన నడుం ఎవరూ ముట్టుకోకపోయినా చాలామందిలో కొద్ది రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో దానంతటదే సర్దుకుంటుంది. నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడే మనిషి సాయం కోసం చూస్తాడు. అప్పటికే అది తగ్గుముఖం పట్టే దశకి వచ్చి ఉంటుంది. మధ్యలో నడుం మీద పడ్డ కాలికి ఆ పేరు దక్కుతుంది. తగ్గనివాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు.

అదే కాలు పదేళ్ళ పిల్లాడి నడుం మీద పడితే సంగతి వేరు. ఎదిగే ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు. వెన్నుపూసని క్షయ తినేస్తూ ఉండొచ్చు. ఇవేవీ కాక, కేవలం కారణం అంతుపట్టని నొప్పి కావచ్చు. ఏది ఏమిటో తేల్చుకోకుండా చేసే వైద్యం, చేసేవాళ్ళ మనసు ఎంత మంచిదైనా, పిల్లల్ని ప్రమాదంలోకి నెడుతుంది.

ఎక్కువ కుటుంబాలని కలవరపెట్టేది మాత్రం మరో సమస్య. పన్నెండేళ్ళ పిల్లకి జాకెట్టు కొలతలు తీసుకుంటూ టైలరు ఒక భుజం ఎత్తుగా ఉందంటాడు. ఎక్స్‌రే తీస్తే వెన్నెముక పక్కకి ఒరిగి, మెలి తిరిగి కనిపిస్తుంది. దీన్ని స్కోలియోసిస్ అంటారు. 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ వైద్యుడు చూపిన పద్ధతిలో ఆ వంపుని డిగ్రీల్లో కొలుస్తారు. 10 డిగ్రీలు ఉంటేనే దానికి ఈ పేరు పెడతారు. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. చిన్న వంపులు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో ఇంచుమించు సమానం. వంపు పెరిగి చికిత్సదాకా వచ్చేవాళ్ళలో మాత్రం ఆడపిల్లలే చాలా ఎక్కువ. నూటికి 80 కేసుల్లో వైద్యులు చెప్పేది ఒకటే మాట: కారణం తెలియదు.

ఆ మాట వినడం తల్లిదండ్రులకి కష్టం. ఆస్పత్రి మెట్లు దిగేలోపే ఆ ఖాళీని నింపడానికి ఇంటినిండా కారణాలు సిద్ధంగా ఉంటాయి. పూర్వజన్మ పాపం అంటారు, దిష్టి అంటారు, ఇంటి దేవతకి మొక్కు తీరలేదంటారు. అన్నిటికన్నా ఎక్కువగా తల్లిని నిలదీస్తారు: కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు ఏం చేశావు? గ్రహణం పట్టిన వేళ గర్భిణి చీకటి గదిలో కదలకుండా వెల్లకిలా పడుకోవాలని, ముడుచుకుంటే బిడ్డ అవయవాలు వంకర పోతాయని ఇప్పటికీ చదువుకున్న ఇళ్ళలో కూడా చెబుతున్నారు.

ఈ నమ్మకాన్ని పరీక్షించడం కష్టమేం కాదు. గ్రహణం ఒక్క ఇంటిమీద పడదు. 2010 జనవరి 15న సూర్యగ్రహణం దక్షిణాన కొసన కంకణంలా, మిగతా దేశమంతటా పాక్షికంగా కనిపించింది. వెన్ను వంకరకి అదే కారణమైతే ఆ ఏడాది పుట్టిన పిల్లలతో ఆస్పత్రులు నిండిపోయేవి, పరిశోధకులు ఇన్నేళ్ళుగా కారణం వెతకాల్సిన పనే ఉండేది కాదు. పైగా కారణం తెలియని ఈ రకం స్కోలియోసిస్ పుట్టుకతో రాదు. పదేళ్ళదాకా తిన్నగా ఉన్న వెన్ను, పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో వంగుతుంది. కుటుంబంలో ఒకరికి ఉంటే మరొకరికి వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజం. అది జన్యువుల సంగతి, ఎవరి నడతకీ సంబంధం లేనిది. నాస్తికోద్యమకారిణి సరస్వతీ గోరా గర్భంతో ఉండగానే గ్రహణం వేళ ఆరుబయట తిరిగి ఈ భయాన్ని ధిక్కరించారు. ఒక్కరి అనుభవం శాస్త్రీయ రుజువు కాదు. కానీ ఇరుగుపొరుగు హెచ్చరిస్తున్నా బయట నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో, ఆ హెచ్చరికలు విన్న ఏ గర్భిణికైనా తెలుసు.

వంకర దేహాన్ని శాపంతో ముడిపెట్టడం మన కథల్లో పాతదే. భారతంలో అష్టావక్రుడు తండ్రి శాపంతో ఎనిమిది వంకరలతో పుడతాడు, నదిలో మునిగి తిన్నగా అవుతాడు. భాగవతంలో కుబ్జ వెన్ను కృష్ణుడి చేతి స్పర్శతో నిటారుగా లేస్తుంది. కథలుగా అవి అందమైనవే. వాటిని వైద్యంగా తీసుకున్నప్పుడే చిక్కు. శాపం వల్ల వచ్చింది, కరుణ వల్ల పోతుంది అని నేర్చుకున్న పిల్ల, తన వెన్ను తిన్నగా కాకపోతే ఆ కరుణకి తను తగననుకుంటుంది.

ఈ నింద ఖరీదుని వైద్యం లెక్కల్లోనే చూడొచ్చు. 25 డిగ్రీల లోపు వంపుకి సాధారణంగా మందూ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు. ఎదుగుదల ఆగేదాకా కొన్ని నెలలకోసారి చూపించుకుంటే చాలు. 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి పిల్ల ఇంకా ఎదుగుతుంటే నడుముకి బ్రేస్ తొడిగిస్తారు. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పెద్ద అధ్యయనంలో బ్రేస్ తొడుక్కున్నవారిలో నూటికి 72 మందికి వంపు శస్త్రచికిత్స అవసరమయ్యే 50 డిగ్రీలదాకా వెళ్ళలేదు. ఊరికే కనిపెట్టి ఉన్నవారిలో ఆ సంఖ్య 48. రోజుకి 13 గంటలు, ఆపైన తొడుక్కున్నవారిలో 90 దాటింది. అంటే ఫలితమంతా గంటల లెక్కలో ఉంది.

మన ఇళ్ళలో ఆ గంటల్ని తినేసేది నలుగురి భయం. ఓణీ కింద బ్రేస్ కనిపిస్తే రేపు సంబంధాలు రావని బడికి వెళ్ళేటప్పుడు తీసేయిస్తారు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసేయిస్తారు, చుట్టాలొస్తే దాచేస్తారు. చిన్న వంపు కాపురానికీ, కాన్పుకీ అడ్డు కాదు. అమెరికాలోని అయోవాలో చికిత్స లేకుండానే బతికినవారిని 50 ఏళ్ళపాటు గమనించి 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వారికి నడుం నొప్పి మిగతావారికన్నా ఎక్కువే. దీర్ఘకాలపు నొప్పి వారిలో నూటికి 61 మందికి ఉంటే, మిగతావారిలో 35 మందికి ఉంది. అయినా చాలామంది ఉద్యోగాలు చేసుకున్నారు, సంసారాలు చేసుకున్నారు. ఉసేన్ బోల్ట్ ఇదే వంపుతో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు.

హేతువాదం తాయెత్తు దగ్గర ఆగకూడదు. ఎక్స్‌రే ఫిల్ముని కూడా ప్రశ్నించాలి. బడిసంచీ బరువే నడుం నొప్పికి మూలమని తల్లిదండ్రులు, టీచర్లు గట్టిగా నమ్ముతారు. 2018లో 69 అధ్యయనాలని జల్లెడ పట్టిన పరిశోధకులకి ఆ మాటకి నమ్మదగిన ఆధారం కనిపించలేదు. సంచీ తేలిగ్గా ఉండటం మంచిదే, కానీ సంచీ తగ్గించి నొప్పి కారణం దొరికిందనుకుంటే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది. అలాగే, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారిని ఎంఆర్ఐ తీస్తే నూటికి 37 మందిలో డిస్క్ అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన సమీక్ష తేల్చింది. కాబట్టి రిపోర్టులో ఉన్న ప్రతి మాటా రోగం కాదు. "నీ డిస్క్ అరిగింది, ఆడకు, వంగకు" అని పద్నాలుగేళ్ళ పిల్లాడితో అంటే, ఆ మాటే వాణ్ణి మంచానికి కట్టేస్తుంది. మామూలు నడుం నొప్పికి కావలసింది కదలిక, ఆట, నిద్ర.

పిల్లల నడుం నొప్పిలో ఎక్కువ భాగానికి ఏ పరీక్షలోనూ కారణం దొరకదు. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి గాలి సోకిందని. రెండోది బడి ఎగ్గొట్టడానికి నాటకమని. రెండూ పిల్లల్ని ఒంటరివాళ్ళని చేస్తాయి. ఫిల్ములో కనిపించని నొప్పి కూడా నొప్పే.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం, అయిదేళ్ళ లోపు పిల్లలు నడుం నొప్పి అనడం. వెన్నుపూస క్షయ వల్ల కాళ్ళు పడిపోవడాన్ని పెర్సివాల్ పాట్ అనే వైద్యుడు 1779లోనే వివరించాడు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో ఇంచుమించు నాలుగోవంతు ఉన్న మన దేశంలో ఆ జబ్బు పాతబడలేదు. ప్రభుత్వాస్పత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. వేళకి మందు పడితే నయమయ్యే ఈ జబ్బుకి నెలల తరబడి తాయెత్తు కట్టి కూర్చుంటే పిల్లల కాళ్ళు పోతాయి. వైద్యం పేరిట వచ్చే ప్రకటనల్ని అదుపు చేసే 1954 నాటి చట్టం తాయెత్తునీ, మంత్రాన్నీ, కవచాన్నీ పేరుపెట్టి మరీ "మాంత్రిక చికిత్స" కింద లెక్కగట్టింది.

వంపుని కనిపెట్టడానికి మాత్రం ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇగ్వానడాన్ అనే రాకాసిబల్లిని లోకానికి పరిచయం చేసిన గిడియన్ మాంటెల్ 1841లో బండి ప్రమాదం తర్వాత పదకొండేళ్ళు వెన్నునొప్పితో బతికాడు. వెన్ను దగ్గర కణితి ఉందనుకున్నారు. 1852లో ఆయన పోయాక శవపరీక్షలో తేలింది వెన్ను వంపు. నిలబడ్డప్పుడు కంటికి తెలియని వంపు ఇలా ఉంటుందని గ్రహించిన విలియం ఆడమ్స్ అనే వైద్యుడు, మనిషిని ముందుకి వంచి చూసే పరీక్షని 1865లో వివరించాడు. ఇప్పటికీ వైద్యులు మొదట చేసేది అదే.

తెలుగు ఇళ్ళలో దానికి వీలైన రోజు ఎలాగూ ఉంది. పదేళ్ళు దాటిన పిల్లకి పండగనాడు తలంటు పోసేటప్పుడు, వీపుకి నూనె రాస్తూ తల్లి ఒక్క నిమిషం ఆగొచ్చు. పాదాలు కలిపి, మోకాళ్ళు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకి వంగమనొచ్చు. వెనక నిలబడి చూస్తే, రెండు భుజపు రెక్కల్లో ఒకటి గట్టులా పైకి లేచి ఉందో, రెండూ సమంగా ఉన్నాయో నూనె మెరిసే ఆ వీపు మీద కనిపిస్తుంది.