థింసా పోటీకి వెళ్లివచ్చాము

కోరాపుట్ జిల్లాలో యేటా జరిగే పరబ్ ఉత్సవానికి ముందుగా పంచాయతీలలోను, ఆపైన బ్లాకులలోను పోటీలు పెట్టి, నెగ్గిన జట్లను జిల్లాకు పంపుతారు. మా కకిరిగుమ్మ పోటీ నాడు మార్కుల పట్టీ రాసే పని మా నెత్తిన పడింది. దస్తూరీ బాగుంటుందన్న పేరు తెచ్చిపెట్టిన తంటా ఇది!

ఇంగ్లాండులోని బ్లాక్‌పూల్‌లో 1920లో మొదలైన జంట నాట్యాల పోటీ ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ ఏ జంటకు ఆ జంటే. థింసా సంగతి వేరు. ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని, డోలుకూ మోరికీ తగినట్టు వరుసంతా ఒక్కటై కదులుతుంది. ఒకరి అడుగు తడబడితే పక్కవారి చెయ్యే సర్దుతుంది. మరి మార్కు ఎవరికి వెయ్యాలి?

అరకు వైపు బంధువులున్న మనవాళ్లకు ఈ ఆట కొత్త కాదు. గొడ్డి బేటలో వంగి లేవడం, పొత్తర్ తొలలో ఆకులు ఏరే తీరు వారు చూసినవే. 1936లో కోరాపుట్‌ను ఒరిస్సాలో కలిపి మధ్య గీత గీశారు గాని, ఆట ఆ గీతను ఎరుగదు.

ఒక గూడెం జట్టులో లెక్కకు మించి ఒకరున్నారు. నిబంధన ప్రకారం ఒకరు తప్పుకోవాలన్నారు. అందరికీ ఆట నేర్పిన ముసలమ్మే మారుమాటాడక పక్కకు వెళ్లి కూర్చున్నది. ఆ పేరు కొట్టివేసింది మా కలమే. జట్టుకు రెండో బహుమతి వచ్చింది.

బహుమతులైనా డోలు ఆగలేదు. నెగ్గినవారూ ఓడినవారూ ఒకే వరుస కట్టారు. ముసలమ్మ లేచి నడుమ చేరింది. మా అమ్మాయి కూడా పరుగెత్తింది. అప్పుడు మా ఆవిడ, “మీరు పుట్టింది ఈ ఊళ్లోనే గదా, ఒక్కనాడైనా ఆ వరుసలో నిలబడ్డారా?” అన్నది.

జవాబు లేదు. చూశాము, చప్పట్లు కొట్టాము, ఇంటికి వచ్చాము. ఇన్నేళ్లుగా మేము చేసినది అంతే. పట్టీ మడిచి జేబులో పెట్టుకొని వెళ్లాము. ముసలమ్మే చెయ్యి చాచి పక్కన చోటిచ్చింది. మూడు అడుగుల్లో రెండు తప్పాము. ఆ చెయ్యి మమ్మల్ని వదలలేదు.

సంఘం పెద్దలకు చిన్న మనవి. ఉగాదికి పిల్లలకు పోటీలు పెట్టండి, కాదనము. చివర ఒక్క ఆట మాత్రం లెక్కా మార్కులూ లేకుండా వుంచి, ఇరుగుపొరుగు గూడేల వారిని కూడా పిలవండి. ఆ రోజు పట్టీ రాయడానికి మేము రాము; వరుసలో వుంటాము.