గని మూతపడింది... హోరు ఆగలేదు

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. డ్రిల్లింగ్ యంత్రాలు ఆగిపోయాయి. పేలుళ్లు లేవు. షాఫ్టుల మీది చక్రాలు తుప్పుపట్టాయి. కానీ మారికుప్పం, ఛాంపియన్ రీఫ్, ఆండర్సన్‌పేట లైన్ ఇళ్లలో రాత్రి దీపం ఆర్పగానే కొందరి చెవుల్లో గని మళ్లీ మొదలవుతుంది. ఒకరికి కీచురాయి అరిచినట్టు, ఇంకొకరికి కుక్కర్ ఆవిరి వదిలినట్టు, మరొకరికి దూరంగా మోటారు తిరుగుతున్నట్టు. పక్కన పడుకున్నవాళ్లకు మాత్రం ఏమీ వినపడదు. ‘అంతా నీ భ్రమ’ అనేస్తారు. భ్రమ కాదు. డాక్టర్లు దాన్ని టినిటస్ అంటారు. మన మాటలో చెవిలో హోరు.

గని కార్మికుడి జబ్బు అనగానే అందరికీ సిలికోసిస్ గుర్తొస్తుంది. రాతి ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తెలుసు. ఎక్స్‌రే తీస్తే కనపడుతుంది కూడా. హోరుకు ఎక్స్‌రే లేదు. రక్తపరీక్షలో తేలదు. బాధపడేవాడు చెప్పాలి, వినేవాడు నమ్మాలి. అందుకే ఈ జబ్బు పాతికేళ్లుగా ఏ లెక్కల్లోకీ ఎక్కకుండా ఉండిపోయింది.

జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి భారత్ గోల్డ్ మైన్స్ మూతపడే దాకా సుమారు 120 ఏళ్లపాటు ఈ నేలను తొలిచారు. 800 టన్నులకు పైగా బంగారం తీశారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత లోతున రాతిని పగలగొట్టింది గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు, మందుగుండు. ఇలాంటి డ్రిల్లు దగ్గర శబ్దం 110 డెసిబెల్స్ దాటుతుంది. బయట అయితే చప్పుడు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. ఇరుకు సొరంగంలో రాతిగోడలకు తగిలి తిరిగి మనిషి మీదికే వస్తుంది. దీనికి తోడు రాతిపొరలు ఉన్నట్టుండి పగిలే రాక్ బరస్టులు. వాటికి పైన ఊళ్లో ఇళ్లు కూడా కదిలేవంటే, కింద ఉన్నవాడి చెవి సంగతి వేరే చెప్పాలా?

శబ్దం లెక్క మామూలు లెక్క కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి రెట్టింపవుతుంది. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు పనిచేయవచ్చనుకుంటే, 88లో నాలుగు గంటలే. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట మించకూడదు. 110 దగ్గర అయితే నిమిషాల్లోనే ఆ రోజు కోటా అయిపోతుంది. ఆ చోట షిఫ్టులకు షిఫ్టులు, ఏళ్లకు ఏళ్లు గడిపిన మనుషులు వీళ్లు.

లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. పుట్టుకతో వచ్చినవే, పోతే మళ్లీ మొలవవు. పెద్ద చప్పుడు ముందుగా సన్నని, కీచు స్వరాలను పట్టుకునే కణాల్ని దెబ్బతీస్తుంది. అందుకే ఇలాంటివాళ్లకు ‘మాట వినపడుతుందిగానీ అర్థం కాదు’. స, శ, ట, త లాంటి అక్షరాలు జారిపోతాయి. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గేసరికి మెదడు, స్టేషన్ అందని రేడియోకు వాల్యూమ్ పెంచినట్టు, తన వాల్యూమ్ తానే పెంచుకుంటుంది. ఆ గరగరే హోరు అని నిపుణులు వివరిస్తున్నారు.

ఇంట్లో దీని పర్యవసానం వేరు. ‘ఏమప్పా, ఎన్నిసార్లు పిలవాల?’ అని భార్య విసుక్కుంటుంది. టీవీ శబ్దం పెంచాడని పిల్లలు గొణుక్కుంటారు. పెళ్లిలో నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్కా అందక, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి ఊరుకుంటాడు. తర్వాత్తర్వాత పెళ్లిళ్లకే పోవడం మానేస్తాడు. గని మూతపడ్డాక బతుకుదెరువు కోసం తెల్లవారుజామునే బెంగళూరు రైలెక్కిన కుటుంబాలు ఎన్నో. రైలు చప్పుడులో హోరు తెలియదు. ఇల్లు చేరి నడుం వాల్చగానే మొదలవుతుంది. నిద్ర కరువవుతుంది, కోపం పెరుగుతుంది, దిగులు పట్టుకుంటుంది. దిగులు పెరిగేకొద్దీ హోరూ పెరిగినట్టనిపిస్తుంది.

ప్రపంచం మొత్తం మీద 74 కోట్ల మందికి పైగా పెద్దవాళ్లకు ఏదో ఒక స్థాయిలో ఈ హోరు ఉందని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. దీన్ని పూర్తిగా మాన్పుతుందని రుజువైన మందు ఇప్పటికీ లేదు. ఈ మాట దాచనవసరం లేదు. దాచినందువల్లే ‘వారంలో హోరు మాయం’ అనే ప్రకటనల వెనక జనం డబ్బు పోసుకుంటున్నారు. చెవిలో కాగిన నూనెలు, ఆకు పసర్లు పోయించుకుని ఉన్న వినికిడినీ పాడుచేసుకుంటున్నారు.

మందు లేదంటే దారి లేదని కాదు. వినికిడి తగ్గినవాళ్లకు సరైన వినికిడి యంత్రం పెడితే బయటి మాటలు స్పష్టమై హోరు వెనక్కి తగ్గడం చాలామందిలో కనపడుతుంది. రాత్రిపూట పూర్తి నిశ్శబ్దం పనికిరాదు. ఫ్యాను చప్పుడో, చిన్నగా పెట్టిన రేడియోనో తోడుండాలి. హోరు మీద భయం తగ్గించే కౌన్సెలింగ్‌కు మంచి ఫలితాలున్నాయి. మనసు దానికి అలవాటుపడితే, గోడ గడియారం టిక్కుటిక్కులా అది ఉన్నా పట్టించుకోని స్థితి వస్తుంది. చెవిలో గుబిలి అడ్డుపడినా హోరు రావచ్చు కాబట్టి ముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్క చెవిలోనే వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినపడుతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. ఉన్నట్టుండి చెవి వినపడకపోతే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

ఇక చట్టం సంగతి. గనుల్లో 85 డెసిబెల్స్ హెచ్చరిక స్థాయి, 90 ప్రమాద స్థాయి అని గనుల భద్రతా డైరెక్టరేట్ 1975లోనే సర్క్యులర్ ఇచ్చింది. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం 1923 నాటి నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. కానీ పరిహారం అడగాలంటే రుజువు కావాలి. గనిలో చేరిన రోజు చెవి ఎలా ఉంది, దిగిపోయిన రోజు ఎలా ఉంది అని చెప్పే ఆడియోగ్రామ్ ఎంతమంది చేతిలో ఉంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ వినికిడి తగ్గితేనే లెక్క. కేవలం హోరుతో నిద్రలేక నలిగిపోయేవాడికి అందులో చోటే లేదు. అమెరికాలో మాజీ సైనికులకు వైకల్య భృతి మంజూరయ్యే కారణాల్లో చెవి హోరుదే మొదటి వరుస. అక్కడ తుపాకుల మోత మధ్య పనిచేసినవాడి మాట నమ్మినప్పుడు, ఇక్కడ డ్రిల్లు పట్టినవాడి మాట నమ్మడానికి అభ్యంతరమేమిటి?

ఇది సరిహద్దుకు ఇవతలి సమస్య మాత్రమే కాదు. చిత్తూరు జిల్లా నుంచి తరాల తరబడి జనం ఈ గనుల్లోకి వచ్చారు. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులూ భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో నడిచి మూతపడ్డవే. పని కర్ణాటకలో, ఇల్లు ఆంధ్రలో అయినవాడు ఏ ఆఫీసుకు పోయినా ‘అటు అడుగు’ అనే జవాబే వస్తే ఎలా? గని పోయినా శబ్దం పోలేదు. సరిహద్దుకు అటూ ఇటూ రాతి క్వారీలు, క్రషర్లు నడుస్తున్నాయి. చెవిలో దూది పెట్టుకుని రాయి కొట్టే కుర్రవాడికి దూది రక్షణ కాదని చెప్పేవాళ్లు కావాలి. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు నిలబడే పిల్లలకూ ఇదే హెచ్చరిక.

కేజీఎఫ్‌లోని 13 సైనైడ్ దిబ్బల వేలానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. మట్టిలో మిగిలిన బంగారాన్ని లెక్కగట్టే ప్రభుత్వాలకు, ఆ మట్టిని పైకి తెచ్చినవాళ్ల చెవుల్లో మిగిలిన హోరు లెక్కకు రాలేదు. 2021లో కొవిడ్ వేళ ఛాంపియన్ రీఫ్‌లోని పాత గని ఆస్పత్రిని తిరిగి బాగుచేయడానికి దారి దొరికింది. వినికిడి పరీక్షకు ఒక నిశ్శబ్దపు గది, ఒక ఆడియోమీటరు, ఒక నిపుణుడు దొరకరా?

అడుగుతున్నది కొండంత కాదు. మాజీ గని కార్మికులందరికీ, వాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఉచితంగా వినికిడి పరీక్ష జరపాలి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ శిబిరాలను కేజీఎఫ్‌కూ, కుప్పానికీ రప్పించాలి. అర్హులకు వినికిడి యంత్రాలివ్వాలి, వాటి బ్యాటరీల ఖర్చు కూడా చూడాలి. సర్వీసు రికార్డునే రుజువుగా తీసుకుని పరిహారం తేల్చాలి. దిబ్బల్లో పని మొదలయ్యేనాడు ప్రతి కార్మికుడి చెవి పరీక్షించి ఆ కాగితం నకలు అతని చేతికే ఇవ్వాలి.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. ఇక్కడ చెవులు పోగొట్టుకున్నవాళ్లే పాతికేళ్లుగా శంఖం ఊదుతున్నారు. వినవలసినవాళ్లకు చెవులు బాగానే ఉన్నాయి. వినడమే మిగిలింది.