ఇసకలో తేనె రంగు

సముద్రస్నానం చేసి వచ్చినవాళ్ళ బట్టలు దులిపితే తెల్ల ఇసకతో పాటు కాస్త నల్లరవ్వ కూడా రాలుతుంది. ఇనప రజను కాబోలనుకుని చిమ్మేస్తాం. మా తెనాలి ఇళ్ళల్లో ఇది మామూలే.

బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ, రేపల్లెకు దిగువన నిజాంపట్నం, లంకెవానిదిబ్బ ఒడ్డునా ఈ నల్లచారలు చూడవచ్చు. కొండరాళ్ళు అరిగి ఏళ్ళ వెంట దిగివచ్చిన రవ్వ ఇది. బరువు గింజను ఒడ్డున వదిలి, తేలిక ఇసకను లాక్కుపోవడంలో కెరటం మన అమ్మమ్మల చేటకేమీ తీసిపోదు! నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైటు, ఎరుపు గార్నెట్టు. వాటి మధ్య బహు కొద్దిగా, తేనె రంగులో నున్నటి గింజ ఉంటుంది. అదే మోనజైటు.

ఫాస్ఫేటు అనగానే బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలకు ఎరువు గుర్తొస్తుంది. ఇదీ ఫాస్ఫేటే. కాకపోతే ఇందులో భాస్వరం సీరియం, లాంథనం, థోరియం వంటివాటితో జతకట్టింది. ఇంత కలుపుగోలు ఖనిజానికి 1829లో పెట్టిన పేరు మాత్రం 'ఒంటరి' అనే అర్థమిచ్చే గ్రీకు మాట!

పూర్వం పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్సు లైట్లు వెలిగింది దీని చలవే. వెల్స్‌బాక్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1891లో మాంటిలుకు 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు అని లెక్క తేల్చాడు. ముట్టుకుంటే బూడిదయ్యే ఆ మాంటిలు కోసం దేశాలు మోనజైటుకు ఎగబడ్డాయి. 1909లో షోంబర్గ్ అనే జర్మను రసాయనజ్ఞుడు తిరువాన్కూరు కొబ్బరిపీచుకు అంటిన ఇసకలో ఈ పసుపు రవ్వను పట్టుకున్నాడు. చూపంటే అదీ!

మా వీధి కుర్రాడొకడు హార్లిక్సు సీసాడు ఇసక తెచ్చి, "తాతగారూ, పసుపు రవ్వలు ఏరి దాచుకోనా?" అన్నాడు. ముందు గుర్తుపట్టమన్నాను. తుప్పు మరక పట్టిన మామూలు ఇసక రవ్వ కూడా పసుపే. భూతద్దంలో చూస్తే మోనజైటు గుండ్రంగా, జిగురు మెరుపుతో ఉంటుంది. గార్నెట్టు కన్నా మెత్తన గనుక సముద్రం దాన్ని బాగా అరగదీస్తుంది. ఆటబొమ్మల అయస్కాంతానికి అంటుకోదు. ఇన్ని చూసినా కచ్చితంగా తేల్చవలసింది ప్రయోగశాలే.

తరువాత అసలు సంగతి చెప్పాను. థోరియం వల్ల ఈ రవ్వ నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తుంటాయి. ఒడ్డున నడిచినందుకు హడలిపోనక్కర్లేదు గాని, రవ్వలన్నీ ఒకచోట పోగుచేసి చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు. దుమ్ము లోపలికి పోవడం మరీ చేటు. పైగా చట్టం ప్రకారం ఇది ప్రభుత్వ అదుపులో ఉన్న పదార్థం, అనుమతి లేనిదే వేరుచేసి దాచరాదు. కుర్రాడి ముఖం చిన్నబోయింది. సీసా మాత్రం వదల్లేదు. మళ్ళీ ఆదివారం సూర్యలంక తీసుకెళ్ళి, సీసా అక్కడే ఒలకబోయించి, భూతద్దం చేతికిస్తానన్నాను.

మీరూ వెళితే పొద్దున్నే, అల వెనక్కు తగ్గాక, నల్లచార అంచున చూడండి. మొక్కజొన్న పొత్తుల బండి రాకముందే పిల్లలకు చూపించెయ్యాలి సుమా!