కదలనివ్వని సేవ

పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన మనిషిని పలకరించి వచ్చిన చుట్టాలు ఆ ఇంటివాళ్లను మెచ్చుకునే మాట ఒకటుంది. ‘‘కాలు కింద పెట్టనివ్వడం లేదండీ, అన్నీ మంచం దగ్గరికే’’ అంటారు. అన్నం కలిపి నోట్లో పెడుతున్నారు, ఒళ్లు తుడుస్తున్నారు, చొక్కా తొడుగుతున్నారు, దువ్వెన కూడా పట్టనివ్వడం లేదు. కొడుకంటే అలా ఉండాలి, కోడలంటే అలా ఉండాలి అని అందరూ ఒక్కమాట మీద ఉంటారు. నా పేచీ ఈ మెప్పుతోనే. తన పని తాను కొంతైనా చేసుకోగల మనిషిని చేసుకోనివ్వకుండా ఉంచితే, జబ్బు తినగా మిగిలిన శక్తిని మన చేతులతో మనమే పోగొట్టినవాళ్లమవుతాం. ఆ ఇంటివాళ్లకు ప్రేమ లేదని నేననడం లేదు. ప్రేమ ఉండబట్టే ఈ పొరపాటు ఇంత సులువుగా జరిగిపోతోంది.

పక్షవాతంలో దెబ్బ తగిలేది చేతికి కాదు. మెదడులో ఆ చేతిని నడిపించే భాగం, చాలాసార్లు రక్తం అందక, కొంత చచ్చుబడుతుంది. ఆ పనిని మిగిలిన భాగాలు కొంతవరకు అందుకోగలవు. అయితే అందుకోవాలంటే పని వాటిదాకా రావాలి. గ్లాసు ఎత్తబోయి పడేసి, మళ్లీ ఎత్తబోయి, ఇంకొకరు అందిస్తే తాగేసే మనిషికి ఆ చెయ్యి వాడకపోవడమే అలవాటవుతుంది. ఎడ్వర్డ్ టౌబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ముందు కోతుల్లో, తర్వాత మనుషుల్లో చూపించింది ఇదే. చేతిలో శక్తి కొంత తిరిగొచ్చినా మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. ఆయన ఆలోచన మీద నడిచిన చికిత్సలో బాగున్న చేతికే మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్నంతసేపూ వీలైనన్ని పనులు బలహీనమైన చేత్తోనే చేయిస్తారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. రెండు వారాల శిక్షణతో వచ్చిన మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచింది. మణికట్టూ వేళ్లూ కొద్దోగొప్పో కదిలేవాళ్లకే అది పనికొస్తుంది, నిజమే. కానీ అంతమాత్రం కదలిక ఉన్నవాళ్ల చేతులను దుప్పటి కింద దాచేస్తున్న ఇళ్లు మనకు కొల్లలు.

ఇలా అంటే ‘ఫిజియో వస్తున్నాడు కదా’ అని ఇంటివాళ్లు జవాబిస్తారు. రావాలి. కీళ్లు బిగుసుకుపోకుండా చూసి, కండరానికి బలం తెచ్చి, నిలబెట్టి నడిపించే ఫిజియోథెరపిస్టు లేకుండా ఏదీ మొదలుకాదు. మన పొరపాటు, నాలుగడుగులు వేయగానే బాగైపోయాడని చాటేయడంలో ఉంది. మనిషి తన రోజును తాను ఎంతవరకు గడుపుకోగలడో కొలవడానికి 1965లో అమెరికాలో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరోథియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి ఒక కొలమానాన్ని ప్రచురించారు. దాన్ని బార్తెల్ సూచీ అంటారు. మొత్తం 100 మార్కులు. అందులో నడకకు 15. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి మరో 15, మెట్లెక్కడానికి 10. ఒక ఫిజియోథెరపిస్టు చెయ్యి ఉన్న కొలతలోనే, కదలికలన్నిటికీ కలిపి 40 దాటలేదు. మిగతా 60 తినడం, స్నానం, పళ్లు తోముకుని తల దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి వాడుకోవడం, మలమూత్రాల మీద అదుపు ఉండడం. ఆ 60లో రోజువారీ పనులను ముక్కలుగా విడగొట్టి, మిగిలిన శక్తితో వాటిని మళ్లీ నేర్పడమే ఆక్యుపేషనల్ థెరపిస్టు వృత్తి. మన దగ్గర వీధి చివరిదాకా నడిచొచ్చి, బొత్తాం పెట్టుకోలేక, లుంగీ కట్టుకోలేక, స్నానాల గదిలో భార్య కోసం కేకేసే మగవాళ్లు ఎంతమందో. ‘బాగానే తిరుగుతున్నాడు’ అని ఊరంతా అంటుంది.

ఒక ప్రభుత్వాసుపత్రి వార్డులో నేను చూసిన ఒక పూట గురించి చెప్పాలి. కుడివైపు పడిపోయిన పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య చేతిలో ఇస్త్రీ చొక్కా. థెరపిస్టు అమ్మాయి దాన్ని అందుకుని ఆయన ఒళ్లో పరిచింది. ‘‘పడిపోయిన చెయ్యి ముందు నాన్నగారూ. తొడిగేటప్పుడు దానిది మొదటి వంతు, విప్పేటప్పుడు చివరి వంతు’’ అంది. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టి చొక్కా చేతిలోకి దూర్చాడు. మోచేయి దగ్గర బట్ట ఇరుక్కుంది. భార్య చెయ్యి ముందుకొచ్చింది. ‘‘అమ్మా, మీరు కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి’’ అంది ఆ అమ్మాయి నవ్వుతూనే. భార్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన బట్టను భుజం దాకా లాక్కుని, వీపు వెనకనుంచి తిప్పుకుని, ఎడమచెయ్యి తొడుక్కుని, కింది బొత్తాం నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకొచ్చాడు. చాలాసేపు పట్టింది. ఆమె తొడిగి ఉంటే అర నిమిషంలో అయిపోయేది. ఆ అర నిమిషాలన్నీ కలిసే మనిషిని మంచానికి కట్టేస్తాయి.

భోజనం దగ్గర అసలు పంతం వచ్చింది. ‘‘ఎడమచేత్తో అన్నం తిననమ్మా, ఆవిడే పెడుతుందిలే’’ అని పెద్దాయన మొండికేశాడు. ఈ సంకోచాన్ని కొట్టిపారేసే థెరపిస్టు మన ఊళ్లలో పనికిరాదు. ఆ అమ్మాయి కొట్టిపారేయలేదు. తడిగుడ్డ మడిచి, కంచం జారకుండా దాని మీద పెట్టింది. కుడిచేతిని ఎత్తి కంచం అంచు మీద ఆనించింది. పిడికి గుడ్డ చుట్టి లావు చేసిన చెంచా ఎడమచేతికిచ్చింది. ‘‘కంచం పట్టేది కుడిచెయ్యే నాన్నగారూ. అది పనిలోనే ఉంది. వేళ్లు దారికొచ్చాక చెంచా దానికే ఇద్దాం.’’ ఆయన ఇంకేమీ అనలేదు. పప్పన్నం సగం ఒళ్లో పడింది, సగం నోట్లోకి వెళ్లింది.

ఈ థెరపీలో చేయించే పూసలు గుచ్చడం, బోర్డు మీద మేకులు పెట్టి తీయడం లాంటివి చూసి ‘చిన్నపిల్లల ఆటలు’ అని మొహం తిప్పుకునేవాళ్లు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేస్తే తప్ప బొత్తాం పట్టదని, మాత్ర అట్టలోంచి ఊడిరాదని ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

చదువుకున్నవాళ్లు ఇంకో వాదం తెస్తారు. ఎవరి పని వాళ్లే చేసుకోవాలనడం పడమటి దేశాల పట్టింపట. అక్కడ చూసేవాళ్లు ఉండరు, మనకు కుటుంబం ఉంది, ఒకరి మీద ఒకరం ఆధారపడడమే మన పద్ధతి అంటారు. అలాగైతే మన నాయనమ్మలు దేవుడి ముందు ఏం కోరుకున్నారు? ‘మంచాన పడకుండా, ఒకరి చేత చేయించుకోకుండా తీసుకుపో స్వామీ’ అనే కదా? ఆ కోరిక వాళ్లకు ఏ దేశం నుంచీ దిగుమతి కాలేదు. చెంబుతో నీళ్లు తానే పోసుకోవాలని, చీర కుచ్చిళ్లు తానే పెట్టుకోవాలని, మరుగుదొడ్డి తలుపు తానే వేసుకోవాలని మన ఆడవాళ్లు కోరుకోరా? నోరు విడిచి అడగలేరు. అంతే తేడా. పైగా ‘కుటుంబం’ అంటే ఆచరణలో ఒక భార్య, ఒక కూతురు, ఒక కోడలు. ఉద్యోగం మానుకునేదీ, నడుము పోగొట్టుకునేదీ వాళ్లే. కుటుంబ విలువల గురించి గట్టిగా మాట్లాడే మగవాళ్లు ఆ మంచం దుప్పటి ఎన్నిసార్లు మార్చారో ముందు చెప్పాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు డబ్బు పంపి 24 గంటల మనిషిని పెడతారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఆ మనిషికి ఇచ్చే జీతం పని త్వరగా ముగించడానికి. పెద్దాయన పావుగంట తంటాలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం తన పనే అని అతనికి ఎవరూ చెప్పలేదు. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి గుంజితే భుజం కీలు జారి జీవితకాలపు నొప్పి కావచ్చనీ ఎవరూ చెప్పలేదు.

ఆక్యుపేషనల్ థెరపీ మన దేశానికి కొత్తదేమీ కాదు. అమెరికాలో పుట్టి, మనదేశపు కోడలై కమలా నింబ్కర్‌గా మారిన ఆవిడ 1950లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో మొదలుపెట్టిన ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు ఆసియాలోనే మొదటిది. రెండేళ్లలో అఖిల భారత సంఘం కూడా ఏర్పడింది. చిత్తూరు నుంచి జనం బస్సెక్కి వెళ్లే వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడ్డా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకొచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. పునరావాస కేంద్రం 1966లో తెరిచారు. ‘కూర్చోమ్మా, మేం చూసుకుంటాం’ అన్నవాళ్ల మాట ఆమె విని ఉంటే ఆ చేతులకు ఆమె కత్తి అందేది కాదు, ఆ విభాగమూ లేచేది కాదు.

విశ్రాంతి పక్షం వాళ్ల చేతిలో ఒక గట్టి ఆధారం ఉంది. దాన్ని దాచను. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగులను మంచం దింపి ఎక్కువసేపు కదిలించిన ఒక పెద్ద అంతర్జాతీయ పరీక్షలో, మామూలు పద్ధతిలో కదిలించినవాళ్లకంటే ఫలితాలు తగ్గాయని 2015లో తేలింది. మోతాదు తప్పితే మందు కూడా విషమే. ఎవరిని ఎప్పుడు, ఎంతసేపు, ఏ పనికి కూర్చోబెట్టాలో తెలిసిన మనిషి వార్డులో ఉండాలని నేననేది అందుకే. అలాంటి చేతుల్లో పడితే ఏమవుతుందో చికాగో, అయోవా ఆస్పత్రుల్లో చూశారు. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న 104 మందిలో కొందరికి, రోజూ మత్తుమందు ఆపినప్పుడల్లా ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ రెండూ తొలిరోజుల నుంచే ఇచ్చారు. ఇంటికి వెళ్లేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి వచ్చినవాళ్లు ఆ జట్టులో 59 శాతం, మామూలు వైద్యం అందిన జట్టులో 35 శాతం. ఇది 2009 నాటి మాట. గొట్టం నోట్లో ఉన్న మనిషి చేత మొహం తుడుచుకోవడం మొదలుపెట్టించగలిగితే, మామూలు వార్డులో మంచం మీదున్నవాళ్ల విషయంలో మనకేం అడ్డం?

ఖర్చు అడ్డం అంటారు. స్నానాల గదిలో జారని కాళ్లున్న ప్లాస్టిక్ స్టూలు, పట్టుకోవడానికి గోడకు ఒక స్టీలు కడ్డీ, కింద కూర్చునే దొడ్డి ఉన్న ఇంట్లో దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ. ఒక్క రోజు ఐసీయూ బిల్లు ముందు ఇవి ఏపాటి? వాటిని ఏ ఎత్తులో, ఏ పక్కన పెట్టాలో చెప్పే మనిషి లేకపోవడమే కొరత. ఎడమవైపు బలముంటే కడ్డీ ఎడమనే ఉండాలి. మంచం పక్క కుర్చీ కూడా బలమున్న వైపే వేయాలి. ఇవి తెలియకుండా వేలు పోసి బాత్రూం మార్పించుకుని, కుడిపక్క కడ్డీని చూస్తూ నిలబడ్డ ఇళ్లున్నాయి.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టును గుర్తించింది. ఆ గుర్తింపు వార్డుదాకా రావాలి. పక్షవాతం రోగులను చేర్చుకునే ప్రతి ఆస్పత్రిలో, జిల్లా ఆస్పత్రితో మొదలుపెట్టి, ఆ పోస్టు ఉండాలి, భర్తీ కావాలి. డిశ్చార్జి కాగితం మీద బీపీ, షుగరు అంకెల పక్కనే చేరిన రోజున బార్తెల్ మార్కులెన్ని, పంపే రోజున ఎన్ని అన్నదీ రాయాలి. ఇంట్లో దొడ్డి ఎలాంటిదో, ఎన్ని మెట్లున్నాయో, మంచం ఎంత ఎత్తో రోగిని పంపేముందు ఎవరో ఒకరు అడిగి తీరాలి. అడగకపోతే కాగితం తీసుకునే కొడుకే కౌంటరు దగ్గర నిలబడి అడగాలి: ‘‘మా నాన్న రేపు పొద్దున స్నానం ఎలా చేస్తాడు? ఎవరు నేర్పుతారు?’’